మూడో బలవంతం

నా ఆటలో మొదటిసారి మునిగిపోయినవాళ్ళు నలుగురు. మా అత్తగారు, మా ఆయన, పక్కింటి భీమరాజుగారు, మేడ మీద అద్దెకుండే తబిత. నలుగురూ నడిగోదావరిలో, పట్టపగలు, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ చాలా మర్యాదగా మునిగిపోయారు. తర్వాత లేచి కాఫీ తాగారు. కాఫీ బాగుందన్నారు. ఆట సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ ఆట తయారు చేసింది నేను. పేరు సత్యశ్రీ. నిడదవోలులో స్టీలు సామాన్ల కొట్టున్న ఇంటి కోడలిని. నేను కాపరానికి వచ్చినప్పుడు మా ఊరు పశ్చిమ గోదావరిలో ఉండేది, ఇప్పుడు తూర్పులో ఉంది. మేం మాత్రం ఉన్నచోటే ఉన్నాం. రాజమండ్రిలో స్టాటిస్టిక్స్‌తో డిగ్రీ చేశాను. ఆ డిగ్రీని ఎక్కడ వాడాలో తెలియక ఇన్నాళ్ళూ బీరువాలో పట్టుచీరల అడుగున భద్రంగా ఉంచాను.

నాలుగేళ్ళ క్రితం ఫోనులో ఒక వీడియో చూశాను. ఐదుగురు బల్ల చుట్టూ కూర్చుని కథ చెప్పుకుంటున్నారు. ఒక్కొక్కరూ ఒక్కో మనిషి అయిపోయి, ఆ మనిషిలాగే మాట్లాడుతూ, ఏం చేయాలో అప్పటికప్పుడు నిర్ణయించుకుంటున్నారు. ఎటూ తేలని చోట పాచికలు వేస్తున్నారు. గెలవడం, ఓడడం లేవు. కథ ఎటు పోతే అటే. దాన్ని రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారట. నాకు మాత్రం, పెళ్ళిచూపులవాళ్ళు వెళ్ళిపోయాక మా పుట్టింట్లో ఒక్కొక్కరినీ అనుకరిస్తూ చెప్పుకునే కబుర్లలాగే అనిపించింది.

అప్పటి నుంచి బుధవారం మధ్యాహ్నాలు, వంటిల్లు సర్దేశాక, ముక్కూ మొహం తెలియని నలుగురితో కంప్యూటర్లో ఆడడం మొదలుపెట్టాను. రెండేళ్ళలో ముగ్గురు రాక్షసులను చంపాను, ఒక రాజ్యాన్ని పోగొట్టాను. మా ఆయన శివరామకృష్ణకు అదేదో ఆన్‌లైన్ క్లాసు అని నమ్మకం. నేను కాదనలేదు.

తర్వాత సొంతంగా రాయాలనిపించింది. మొదటిది రెండు పేజీల ఆట: ఒక వంటిల్లు, ఒకే పొయ్యి, నలుగురు తోడికోడళ్ళు. ఇంటర్నెట్‌లో పెడితే పదకొండు మంది దించుకున్నారు. అందులో నాలుగుసార్లు నేనే, లింకు పనిచేస్తోందో లేదో చూద్దామని. రెండోదాని గురించి చెప్పుకోకపోవడమే మంచిది.

మూడోది ఇది. దీని పేరు 'పంటు ఆగింది'.

నరసాపురం రేవులో పంటు ఎక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎక్కనివాళ్ళ కోసం చెబుతున్నాను: మనుషులనూ మోటారుసైకిళ్ళనూ గేదెలనూ కలిపి ఎక్కించుకుని గోదావరి దాటించే ఇనప బల్లకట్టు అది. నా ఆటలో వరద రోజున ఆఖరి పంటు ఏటి మధ్యలో ఇంజను చెడి ఆగిపోతుంది. దాని మీద నలుగురుంటారు. ఒడ్డు నుంచి చిన్న నావ ఒకటి వస్తుంది. అందులో ఒక్కరికే చోటు. ఒకరిని దింపి మళ్ళీ వస్తుంది. నావ నడిపేవాడు ఎవరితోనూ మాట్లాడడు. అతని చేత మాట్లాడిస్తే ఇంకో పేజీ రాయాలి కనుక మాట్లాడకుండా చేశాను.

వరద నీటి కోసం కొట్లోంచి పూజ ఉద్ధరిణి ఒకటి తెచ్చాను. బల్ల మధ్యలో ముప్పాతిక దాకా నీళ్ళున్న గాజు గ్లాసు. పదో ఉద్ధరిణి పోస్తే పొర్లుతుంది. పొర్లితే పంటు మునిగినట్టే. ఆడేవాళ్ళకు తలా ఒక కార్డు ఇస్తాను. నువ్వెవరు, నీ చేతిలో ఏముంది, అంతవరకే దాని మీద ఉంటుంది. మిగతా బతుకంతా వాళ్ళే కల్పించుకుని చెప్పాలి.

మొదట రాసుకున్న నియమం ఏంటంటే, నావ వచ్చినప్పుడల్లా 'ఆ చోటు నాకు కావాలి' అని ఎవరైనా ముందుకు రావాలి, మిగతావాళ్ళతో వాదించి గెలవాలి. ఎవరూ ఎక్కకపోతే నావ ఖాళీగా పోయి వస్తుంది, ఒక ఉద్ధరిణి నీళ్ళు పడతాయి. ప్రాణం మీదికి వస్తే మనుషులు కొట్టుకుంటారని నేను చదివిన ఇంగ్లీషు పుస్తకాలన్నింటిలోనూ ఉంది. నమ్మాను.

భీమరాజుగారు రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయనకు వచ్చిన కార్డు, తెల్లారితే పెళ్ళి ఉన్న పెళ్ళికూతురు. ఆయన మీసం సవరించుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సిగ్గుపడుతూ మొదలుపెట్టారు.

"ఆయ్, అక్కయ్యగారూ, నావ వచ్చిందండి. మీరు ఎక్కండి."

"అబ్బే, పెళ్ళికూతురివి నువ్వుండగా నేనెక్కుతానా తల్లీ? నువ్వెళ్ళు," అంది మా అత్తగారు బుజ్జమ్మగారు. ఆవిడ కార్డు మీద ఉన్నది పెళ్ళి వంటలు చేసే ఆవిడ, చేతిలో నిలువెత్తు గరిటె.

"పెద్దవారు మీరుండగా బాగోదండి. పోనీ డాక్టరుగారు?"

"నాదేముందండీ, అంకుల్ వెళ్తారు," అంది డాక్టరు కార్డు పట్టుకున్న తబిత, మా ఆయన వైపు చూపిస్తూ. తబిత నిజానికి ఆసుపత్రిలో నర్సు.

మా ఆయనకు చూపించడానికి ఎవరూ మిగల్లేదు. నన్ను చూపించారు. నేను పంటు మీద లేనని గుర్తు చేశాను.

నావ ఖాళీగా వెళ్ళింది. వచ్చింది. మళ్ళీ ఖాళీగా వెళ్ళింది. తొమ్మిదో ఉద్ధరిణికి అందరూ గొంతుదాకా మునిగారు.

"ఇప్పుడైనా మొహమాటపడకండి అక్కయ్యగారూ," అన్నారు భీమరాజుగారు గడ్డం పైకెత్తి, నీళ్ళు నోట్లోకి పోకుండా.

"ఫరవాలేదు బాబూ, నాకిక్కడ బాగానే ఉంది," అంది మా అత్తగారు.

పదో ఉద్ధరిణి పడింది.

ఈ జలసమాధిని నేను వీడియో తీసి బెంగళూరుకు పంపాను. అక్కడ ఏటా జరిగే ఆటల మేళాలో కొత్తగా ఆటలు రాసేవాళ్ళకు ఆరు బల్లలు ఇస్తారు. బల్ల దొరికితే రోజంతా మన ఆటను, మనకు తెలియని మనుషులు, మన ఊరు ఎక్కడుందో తెలియని మనుషులు, కూర్చుని ఆడతారు. నాకు కావలసింది అంతే. ఈ ఇంట్లో నేను చేసినవన్నీ సాయంత్రానికి అయిపోతాయి. పప్పు అయిపోతుంది, చారు అయిపోతుంది, ఉతికిన బట్టలు మళ్ళీ మాసిపోతాయి. ఒక్కటైనా నేను లేనిచోట నిలబడాలని ఉంది.

మేళావాళ్ళు జవాబు రాశారు. 'మీ ఆలోచన బాగుంది. కానీ మీ ఆటగాళ్ళు నిర్ణయం తీసుకోవడం లేదు, అందుచేత కథ కదలడం లేదు. మార్చి ఇంకొక్కసారి పంపండి. ఈ నెల ఇరవై ఎనిమిది ఆఖరు.' కింద షరతులు. వీడియో మధ్యలో ఆపకూడదు, రెండు గంటలు మించకూడదు. నియమాల పుస్తకం ఆడేవాళ్ళ చేతికిచ్చాక ఆట రాసినవాళ్ళు నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. రేపు ఎవరో మీ ఆట ఆడుకుంటుంటే మీరు వెళ్ళి పక్కన కూర్చోరు కదా, అని వాళ్ళ వాదన. న్యాయమే.

ఆ ఆదివారం పుస్తకంలో మొదటి పేజీలోనే, బొద్దు అక్షరాలతో, 'ఎవరూ మొహమాటపడకూడదు' అని రాసి మళ్ళీ ఆడించాను.

"నేనెప్పుడు మొహమాటపడ్డాను?" అంది మా అత్తగారు.

"ఇది నన్నుద్దేశించి రాసిందేనా అమ్మాయిగారూ?" అన్నారు భీమరాజుగారు నొచ్చుకుని.

ఎవరూ మొహమాటపడలేదని నిరూపించడానికి ప్రతివాళ్ళూ రెండోవాళ్ళను మరింత గట్టిగా ముందుకు పంపారు. ఈసారి అరగంటలోనే మునిగారు.

గురువారం పొద్దున్న భీమరాజుగారు మా నిచ్చెన తిరిగి ఇవ్వడానికి వచ్చారు. వంటింట్లో పెనం మీద పెసరట్టు ఉంది.

"ఒక్కటి తిని వెళ్ళండి," అంది అత్తగారు.

"వద్దండి అక్కయ్యగారూ, ఇప్పుడే కానిచ్చానండి."

"చిన్నది వేస్తాను."

"అబ్బే, నిజంగా వద్దండి. పొట్టలో చోటు లేదండి."

"అల్లం ఎక్కువేసి రుబ్బాను. మొన్న గొంతు పట్టేసిందన్నారు కదా."

"మీరు అంతలా అంటే మరి కాదనలేనండి," అని ఆయన నిచ్చెన గోడకు ఆనించి పీట మీద కూర్చున్నారు. మూడు తిన్నారు.

నేను చట్నీ వడ్డిస్తూ అలా నిలబడిపోయాను. ఆయన కాదన్నది రెండుసార్లు. మూడోసారికి ఒప్పుకున్నారు. మూడోసారి ఆవిడ వాడిన మాట ఆవిడది కాదు, ఆయన ఎప్పుడో తన నోటితో అన్నది. దాన్ని దాచిపెట్టుకుని, సమయం చూసి తీసింది.

నా డిగ్రీని పట్టుచీరల కింద నుంచి బయటికి తీశాను. నాలుగు రోజులు కొట్లో మా ఆయన పక్కన కూర్చున్నాను. మా కొట్లో వచ్చినవాళ్ళందరికీ టీ ఇవ్వడం మా మామగారి కాలం నుంచీ అలవాటు. పెళ్ళి సామాన్లకు వచ్చినవాళ్ళు ఎన్నిసార్లు వద్దంటారో, ఎన్నోసారికి గ్లాసు అందుకుంటారో ఒక కాగితం మీద గీతలు పెట్టాను. ముప్పై ఒక్క మందిలో ఇరవై తొమ్మిది మంది మూడోసారికి అందుకున్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకాయనకు గ్యాస్ట్రిక్కు. రెండో ఆయన హైదరాబాదు నుంచి వచ్చిన కుక్కర్ల కంపెనీ మనిషి, అడక్కముందే తాగేశాడు.

"ఏం గీతలు అవి?" అన్నారు మా ఆయన.

"ప్రజల అలవాట్లు."

"ఆన్‌లైన్ క్లాసులో చెప్పారా?"

"అవును," అన్నాను.

సోమవారానికి పుస్తకంలో ఆరు పేజీలు చింపి ఒక్క పేజీ రాశాను. ఈ ఆటలో ఎవరూ తన కోసం చోటు అడగక్కర్లేదు. అడగకూడదు కూడా. నావ వచ్చినప్పుడు మిగతావాళ్ళు ఒకరిని ఎంచుకుని ఎక్కమని బలవంతం చేయాలి. అలా అడిగిన ప్రతిసారీ ఒక కారణం చెప్పాలి, ఆ కారణం ఎదుటి మనిషి ఆటలో తన గురించి తాను చెప్పుకున్నదై ఉండాలి. ఎదుటివాళ్ళు రెండుసార్ల వరకూ కాదనవచ్చు. కాదన్న ప్రతిసారీ ఒక ఉద్ధరిణి నీళ్ళు. మూడోసారి మాత్రం ఎక్కి తీరాలి. నావ వెళ్ళి వచ్చేలోగా నీరెంత పెరిగిందో తెలియడానికి నాలుగు గవ్వలు వేయాలి, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని ఉద్ధరిణులు. చివర ఒక్క మాట: 'బలవంతం చేసేవారు మాట వినపడేంత దూరంలో ఉండాలి.' ఇది ఎందుకు రాశానో నాకే తెలియదు. పేజీ అడుగున ఒక లైను ఖాళీ ఉంది.

మా ఆయన అది చదివి, "ఇది ఆటేంటి, మన ఇల్లు కదా!" అన్నారు.

"ఊరుకోండి, పైకి చెప్పకండి," అన్నాను.

ఇరవై ఏడు, ఆదివారం. మధ్యాహ్నం రెండింటికి నలుగురూ కూర్చున్నారు. ఫోను ఇడ్లీ పాత్రకు ఆనించి బల్ల వైపు తిప్పాను. భీమరాజుగారు కార్డులు పంచకముందే చెయ్యెత్తారు.

"అమ్మాయిగారూ, నాకు ఆ పెళ్ళికూతుర్నే ఇప్పించండి. పాపం రెండుసార్లు పెళ్ళి కాకుండా పోయింది."

ఇచ్చాను. అత్తగారు వంటలావిడ గరిటెను వదలనంది. తబితకు డాక్టరు. మా ఆయనకు కొత్త కార్డు: మైకుసెట్టు ఆయన, చేతిలో బ్యాటరీ, పెద్ద లౌడ్‌స్పీకరు. పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టి, ఫోను నొక్కి, గుమ్మంలో పీట వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీయడానికి కూర్చున్నాను. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో రెండు గంటలు వరసగా నోరు మూసుకోవడం అదే మొదలు. మా ఆయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశారు, ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు.

మొదటి అరగంటలోనే తేడా తెలిసింది. రేపు ఎవరి మాట ఎవరికి పనికొస్తుందో తెలియదు కనుక ఒకరు చెప్పేది మిగతా ముగ్గురూ చెవులు రిక్కించి వింటున్నారు. వింటున్నారు కనుక చెప్పేవాళ్ళకు ఊపొచ్చింది. పెళ్ళికూతురు పుట్టింటి నుంచి కుట్టుమిషను మోసుకొస్తోంది, తడిస్తే తుప్పు పడుతుందని దాని మీద గోనెసంచి కప్పింది. అత్తవారికి ఇంకా చెప్పలేదు, కానీ పెళ్ళయిన నెలకే కొట్టు పెడుతుందట. భీమరాజుగారు ఆ కొట్టుకు బోర్డు ఏ రంగులో ఉండాలో కూడా చెప్పారు. డాక్టరు అవతలి ఒడ్డున పురుడు పోయడానికి వెళుతోంది. మైకుసెట్టు ఆయన, "ఈ సెట్టు లేకపోతే ఇంట్లో మా ఆవిడ ముందు నా గొంతు లేవదండి," అన్నారు. నేను ఒక చిక్కుడుకాయను అవసరానికి మించి గట్టిగా విరిచాను.

మా అత్తగారు గరిటె ఒళ్ళో పెట్టుకుని, "నలభై రెండు పెళ్ళిళ్ళు వండానమ్మా," అంది. "పనసపొట్టు కూర నా చేతిదే తినాలంటారు. ఒక్క బంతిలోనూ కూర్చుని తిన్నది లేదు. అందరి భోజనాలూ అయ్యేసరికి ఆకలి చచ్చిపోతుంది."

నావ వచ్చింది. డాక్టరు రెండుసార్లు కాదంది, రెండు ఉద్ధరిణులు. మూడోసారి మా అత్తగారు, "పురుడు కోసం వెళుతున్నానన్నావు కదమ్మా. ఆ బిడ్డ నీకోసం ఆగుతుందా?" అంది. తబిత మారు మాట లేకుండా ఎక్కింది. గవ్వలు వేస్తే ఒకటి వెల్లకిల. మూడు.

తర్వాత పెళ్ళికూతురు. "మీరు ముందండి," ఒకటి. "పెద్దవారిని వదిలి ఎలా వెళ్ళనండి," రెండు. మా ఆయన గొంతు సవరించుకుని, "తడిస్తే మిషను తుప్పు పడుతుందని మీరే అన్నారమ్మా. మీ కోసం కాదు, మిషను కోసం ఎక్కండి," అన్నారు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట అంత చక్కని మాట నేను వినలేదు. భీమరాజుగారు కళ్ళు ఒత్తుకుంటూ ఎక్కారు. గవ్వ ఒకటి. ఆరు.

తర్వాత మా ఆయన. తల్లి ముందు కొడుకు ఎక్కడమా అని ఆయనా రెండుసార్లు కానిచ్చారు. ఎనిమిది.

"ఇంట్లో గొంతు లేవదన్నావు కదా నాయనా," అంది అత్తగారు, నా వైపు ఓరగా చూస్తూ. "మైకు మునిగితే నీ గతేం కావాలి? మైకు పట్టుకుని ఎక్కు."

ఎక్కారు, లౌడ్‌స్పీకరుతో సహా. గవ్వలు నాలుగూ బోర్లా పడ్డాయి. ఒక్క చుక్క కూడా పెరగలేదు. తబిత చప్పట్లు కొట్టింది. గంటా నలభై నాలుగు నిమిషాలు అయింది. పంటు మీద ఒక్కరే మిగిలారు, నావ తిరిగి వస్తోంది, గ్లాసులో ఇంకా చోటుంది. నేను గెలిచాననుకున్నాను.

"నావ వచ్చింది ఆంటీ," అంది తబిత.

"సరేనమ్మా," అంది అత్తగారు. కదల్లేదు.

"ఎక్కండి మరి."

"నువ్వు ఒడ్డున ఉన్నావు కదా. ఇంత దూరం నీ మాట నాకెలా వినపడుతుంది?"

"మరి మీరే ఎక్కెయ్యండి అక్కయ్యగారూ," అన్నారు భీమరాజుగారు.

"పిలవకుండా ఎలా ఎక్కుతాను బాబూ?"

అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు. ఎవరూ తన కోసం తాను చోటు అడగకూడదని రాశాను. ఇంకొకరు బలవంతం చేయాలని రాశాను. ఆఖరి మనిషిని ఎవరు బలవంతం చేస్తారో రాయలేదు. పంటు మీద ఇంకెవరూ లేరు. నావ నడిపేవాడు మాట్లాడడు, నేనే మాట్లాడనివ్వలేదు.

కొట్లో కూర్చుని ముప్పై ఒక్క మందిని లెక్కపెట్టిన దాన్ని, ఇంట్లో మనిషిని చూడలేదు. అందరికీ వడ్డించి ఆఖర్న తినే మనిషి ఆవిడ. ఆవిణ్ణి ఎవరైనా మూడోసారి అడగగా నేను ఎప్పుడూ చూడలేదు. పోనీ, మొదటిసారి?

నోటి దాకా వచ్చింది, 'అత్తయ్యగారూ, ఎక్కండి' అని. ఫోను మీద ఎర్రచుక్క వెలుగుతోంది. నోరు విప్పితే అక్కడితో అయిపోయినట్టే. ఈనె తీసేసిన చిక్కుడుకాయకే మళ్ళీ ఈనె తీశాను.

గంటా నలభై తొమ్మిది. మా ఆయన పుస్తకం అందుకున్నారు. కొత్త కుక్కరుకు గ్యారంటీ కార్డు చదివినట్టు వేలు పెట్టి ఒక్కో లైనూ చదివారు. పేజీ అడుగున వేలు ఆగింది.

"బలవంతం చేసేవారు మాట వినపడేంత దూరంలో ఉండాలి," అని పైకి చదివారు. ఇంకోసారి చదివారు. తర్వాత తలెత్తి, "పంటు మీదే ఉండాలని లేదు. వినపడితే చాలు," అన్నారు.

"అంత దూరం ఎలా వినపడుతుంది అంకుల్?"

"నేనెవర్ని?" అన్నారు మా ఆయన.

తబిత కెవ్వుమంది. భీమరాజుగారు బల్ల మీద గట్టిగా చరిచారు, గ్లాసులో నీళ్ళు ఊగాయి, పొర్లకుండా నిలిచాయి. మా ఆయన అప్పటికే లేచి లౌడ్‌స్పీకరు గట్టు మీద రావి కొమ్మకు కట్టేస్తున్నారు, బ్యాటరీ వైరు తగిలిస్తున్నారు. ఖాళీ చెంబు ఒకటి మైకులా మూతి దగ్గర పెట్టుకున్నారు.

"హలో. హలో. మైక్ టెస్టింగ్. వన్, టూ, త్రీ. పంటు మీద ఉన్న వంటలావిడగారికి విజ్ఞప్తి. మీ చేతి పనసపొట్టు కూర లేనిదే పెళ్ళివారు విస్తళ్ళు వెయ్యరట. దయచేసి నావ ఎక్కవలసిందిగా కోరుతున్నాం."

కొట్లో రోజుకు ఇరవై మాటలు మాట్లాడే మనిషి.

"వినపడింది నాయనా," అంది అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "నాకేం తొందర లేదు. ముందు ఆ పెళ్ళికూతురికి కాసిని వేడిపాలు ఇవ్వండి. తడిసిపోయి వచ్చింది పిల్ల."

ఒకటి. తబిత ఉద్ధరిణి వంచింది. తొమ్మిది. నీళ్ళు గ్లాసు అంచు మీద ఉబ్బెత్తుగా నిలబడ్డాయి. ఇంకోసారి కాదంటే పదోది. కాదనక తప్పదని నియమం ఏమీ లేదు. కానీ అరవై ఆరేళ్ళుగా ఆవిడ రెండోసారి కాదనకుండా దేనికీ ఒప్పుకోలేదు.

భీమరాజుగారు చెంబు అందుకున్నారు. ఆయన గొంతు మామూలు కంటే మెల్లగా వచ్చింది.

"అక్కయ్యగారూ, నేనండి, పెళ్ళికూతుర్ని. నలభై రెండు పెళ్ళిళ్ళు వండానన్నారు. ఒక్క బంతిలోనూ కూర్చోలేదన్నారు. ఇది నలభై మూడోదండి. మొదటి బంతిలో మొదటి ఆకు మీకు వేశానండి. మీరు కూర్చునేదాకా నేను కూర్చోనండి. పెళ్ళికొడుకుని కూడా కూర్చోనివ్వనండి."

మా అత్తగారి పెదాలు 'అబ్బే' అనడానికి సిద్ధమైనట్టే ఉన్నాయి. తబిత ఉద్ధరిణి నీళ్ళ గిన్నెలో ముంచి పట్టుకుంది. గంటా యాభై నాలుగు.

ఆవిడ గ్లాసు వైపు చూసింది. తర్వాత భీమరాజుగారి వైపు చూసింది.

"ఆకు వేసేశారా?"

"వేసేశామండి."

"అన్నం వడ్డించారా?"

"ఇదిగో, వడ్డిస్తున్నారండి."

"వేడిగా ఉందా?"

"పొగలు కక్కుతోందండి అక్కయ్యగారూ."

"అయితే చల్లారబెట్టడం దేనికి? వస్తున్నా," అని మా అత్తగారు నిజంగానే కుర్చీలోంచి లేచింది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, నీళ్ళలో అడుగు వేస్తున్నట్టు జాగ్రత్తగా, బల్ల చుట్టూ తిరిగి అవతల ఉన్న ముగ్గురి దగ్గరకు వెళ్ళి నిలబడింది. మా ఆయన చెయ్యి అందించారు. తబిత ఆవిణ్ణి కావలించుకుంది. భీమరాజుగారు గార్డు ఈల వేసినట్టు నోటితో గట్టిగా ఈల వేశారు. గ్లాసులో నీళ్ళు అంచు మీదే ఉన్నాయి.

గంటా యాభై ఏడు నిమిషాలకు ఫోను ఆపాను.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అన్నాను.

"ఇంకాసేపు ఆగొచ్చు," అన్నారు మా ఆయన.

తొమ్మిది రోజులకు మేళావాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నా ఆటకు నాలుగో నంబరు బల్ల. 'వీడియో మా జట్టంతా కలిసి చూశాం. ఆవిడ నావ ఎక్కినప్పుడు ఇక్కడ ఇద్దరు లేచి నిలబడ్డారు,' అని రాశారు. ఈ అలవాటు లేనివాళ్ళకు ఆట పట్టుబడుతుందో లేదోనని వాళ్ళే నలుగురు కూర్చుని ఆడి చూశారట. అందులో ఒకరు పంజాబీ. రెండోసారి కాదన్నాక మూడోసారి అడుగుతారో అడగరోనని ఆయనకు చెమటలు పట్టాయట. అది చదివి నేను వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ చూడకుండా, గరిటె పట్టుకుని ఒక్కసారి గిరగిరా తిరిగి వచ్చాను.

పేజీ అడుగున లైను ఖాళీగా ఉంది కదా అని నేను రాసిన ఆ ఆఖరి మాటను అలాగే ఉంచమన్నారు. చాలా ముందుచూపుతో రాశానని మెచ్చుకున్నారు. నేను కాదనలేదు.

చివర ఇంకొకటి అడిగారు. మొదటి రోజు ఆటకు ఆ వంటలావిడగారు వచ్చి బల్ల దగ్గర కూర్చోగలరా అని.

హాల్లో అందరి ముందూ చదివి వినిపించాను. మా అత్తగారు కూరగాయల కత్తిపీట పక్కకు జరిపింది.

"బెంగళూరా? నేనెందుకమ్మా అక్కడ. నువ్వెళ్ళిరా."

"వెళ్ళమ్మా, సరదాగా ఉంటుంది," అన్నారు మా ఆయన.

"అబ్బే, ఇల్లెవరు చూస్తారు? నీకు పొద్దున్నే కాఫీ ఎవరిస్తారు? వద్దులే."

రెండు. మా ఆయన, తబిత, నిచ్చెన కోసం మళ్ళీ వచ్చిన భీమరాజుగారు, ముగ్గురూ నా వైపు తిరిగారు. నేను ఉత్తరం మడిచి కవరులో పెట్టాను. చిక్కుడుకాయల చేట ముందుకు లాక్కున్నాను. ఒకదానికి ఈనె తీశాను. ఇంకోదానికి తీశాను. ఫ్యాను తిరుగుతోంది.

అత్తగారు ఒకసారి కత్తిపీట వైపు, ఒకసారి గోడ మీది క్యాలెండరు వైపు, ఒకసారి నా వైపు చూసింది.

"ఏమ్మా సత్యా," అంది ఆఖరికి. "ఇంకోసారి అడగవేంటే?"

ఆవిడకు కింది బెర్తు రిజర్వు చేసి అప్పటికి రెండు గంటలైంది. అయినా అడగాలి కదా. అడిగాను.